నాంచారి వదిన నాలిక మీద పెట్టుకున్న నీళ్లు

నిన్న పొద్దున కాఫీ కలుపుతుంటే మేనకోడలు రాధ ఫోన్ చేసింది.

"అత్తా, అమ్మ పోయింది."

స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయి. కట్టేయాలని కూడా తోచలేదు.

మొన్న ఆదివారమే వదిన నాతో ఫోన్లో గంటసేపు మాట్లాడింది. బీపీ నార్మల్ అంది. నా మోకాళ్ల గురించే అడిగింది.

నాంచారి వదిన మా అన్నయ్య భార్య. ఆమె గురించి ఒక విషయం మీకెవరికీ తెలియదు. యాభై ఏళ్లు దాచాను. ఇవాళ టైప్ చేస్తున్నాను.

డెబ్బైల్లో మాట. అప్పుడు కృష్ణలంకలో ఉండేవాళ్లం. నాన్నది చేపల వ్యాపారం. వదినది బందరు దగ్గర సముద్రపు ఒడ్డు. పెళ్లయి వచ్చాక సముద్రం మీద బెంగపెట్టుకుంటే, అన్నయ్య పెద్ద అద్దాల తొట్టి చేయించాడు. బందరు నుంచి చేపల లారీలో వాళ్ల నాన్న క్యాన్లలో సముద్రపు నీళ్లు పంపేవాడు. వలలో పడ్డ చారల చేపపిల్లలు, నత్తలు, ఒక చిన్న పీత అందులో ఉండేవి.

అక్వేరియం అనే మాట కూడా మా వీధిలో ఎవరికీ తెలియదు. చూడటానికి జనం వచ్చేవారు.

ఆ వేసవిలో పాచి పట్టింది. ముందు అద్దాల మీద పచ్చటి పొర. తర్వాత జుట్టులా సాగి రాళ్లనీ, ఇసుకనీ కప్పేసింది. వదిన రోజూ గీకేది. రెండు రోజుల్లో మళ్లీ అంతే. ఇల్లంతా ఒకటే కంపు.

అమ్మకి ఓపిక పోయింది. "కడుపుతో ఉన్నదానివి, ఈ కంపు పీలుస్తావా? ఆదివారం లోపు ఇది పోకపోతే తొట్టి వీధిలో పెట్టిస్తా."

వదిన పెరట్లోకి వెళ్లి ఏడ్చింది. నేను చూశాను.

నేనప్పుడు బీఎస్సీ. చెరువుల్లో నాచు చావడానికి మైలుతుత్తం చల్లుతారని ఎక్కడో విన్నాను. వన్‌టౌన్‌లో ఆ నీలం పొడి ఒక పొట్లం కొన్నాను. మర్నాడు కాలేజీకి వెళ్లే ముందు, వదిన స్నానానికి వెళ్లినప్పుడు, గుప్పెడు తీసి తొట్టిలో వేసి కలిపాను. సాయంత్రానికి పాచి పోతే వదిన మురిసిపోతుందనుకున్నాను.

మధ్యాహ్నం కెమిస్ట్రీ ప్రాక్టికల్స్. టేబుల్ మీద అదే నీలం పొడి. మేడమ్ అన్నారు: "చేతులు కడుక్కోకుండా ఎవరూ నోట్లో వేలు పెట్టుకోకండి. ఇది విషం."



వదిన రోజూ భోజనాలయ్యాక తొట్టిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకునేది. ఎండకి నీళ్లు ఇగిరితే ఉప్పెక్కుతుంది కదా. రుచి చూసి, ఎక్కువనిపిస్తే చెంబుడు మంచినీళ్లు పోసేది. ఆమెకి మీటర్లూ గీటర్లూ లేవు. నాలికే.

అప్పుడు ఆమెకి ఆరో నెల.

చెప్పకుండా లేచి పరిగెత్తాను. రిక్షా ఎక్కితే దారిలో రైల్వే గేటు పడింది. గూడ్స్ బండి ఎంతకీ కదలదు. దేవుడా, ఇవాళ ఒక్కరోజు మర్చిపోయేలా చెయ్యి అని మొక్కుకుంటూ నిలబడ్డాను. గేటు తీయగానే రిక్షా వదిలేసి ఉరికాను.

ఇంటికి వెళ్లేసరికి వదిన పెరట్లో వంగి వాంతి చేసుకుంటోంది. అమ్మ ఆమె నుదురు పట్టుకుంది.

"నోరంతా ఇనుము నాకినట్టుందే, కమలా" అంది వదిన.

అమ్మ చెప్పుల కోసం లోపలికి వెళ్లగానే ఆమె చెవిలో చెప్పాను. "వదినా, పొద్దున నేనే మైలుతుత్తం వేశాను."

నా మొహం వైపు చూసింది. తిట్టలేదు. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

వీధి చివర డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. తొట్టి నీళ్లు నాలిక మీద పెట్టుకున్నాక వాంతి అయిందని అమ్మ చెప్పింది. "ఆ నీళ్లలో ఏం కలిసింది?" అని ఆవిడ అడిగింది.

"మైలుతుత్తం అండీ. పాచి పోతుందని నేనే వేశాను. మర్చిపోయి నాలిక మీద పెట్టుకున్నా" అంది వదిన.

అమ్మ అక్కడే తల బాదుకుంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నిజం చెప్పలేదు.

"వేలికంటినదే కాబట్టి ప్రమాదం ఉండకపోవచ్చు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి" అంది డాక్టరమ్మ.

ఆ మూడు గంటలూ బెంచీ మీద వదిన పక్కనే కూర్చున్నాను. బిడ్డ కదలడం లేదంది. పొట్ట మీద నా చెయ్యి పెట్టింది. ఏమీ లేదు. ఏమీ లేదు.

దీపాలు పెట్టే వేళకి అరచేతికి చిన్న దెబ్బ తగిలింది.

రాధా, అది నువ్వే.

తొట్టిలో మాత్రం ఏదీ మిగల్లేదు. వదిన ఒక్కొక్కటే తీసి పెరట్లో పాతిపెట్టింది. పీతని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

రాధ పుట్టాక ఇసుక పారేసి, అద్దాలు పదిసార్లు కడిగి, మళ్లీ మొదలుపెట్టింది. పడమటి కిటికీ దగ్గర్నుంచి తొట్టిని లోపలి గదిలోకి మార్చింది. మేత చిటికెడే వేసేది. వారం వారం మూడో వంతు నీళ్లు తీసి, లారీలో వచ్చిన కొత్త నీళ్లు పోసేది. అద్దాలు రుద్దే పని నాకిచ్చింది.

"ఎండా, మేతా ఎక్కువైతే పాచి పడుతుంది. మందులతో పని లేదు" అంది.

పాచి కాస్త కాస్త వస్తూనే ఉండేది. కానీ మళ్లీ ఎప్పుడూ తొట్టిని కమ్మేయలేదు.

అమ్మ మాత్రం పోయేదాకా చుట్టాలందరి ముందూ వదినని దెప్పేది. "కడుపులో బిడ్డని పెట్టుకుని విషం నాకిన మహాతల్లి" అనేది. వదిన తల వంచుకుని వడ్డిస్తూ ఉండేది. అదే పంక్తిలో నేనూ కూర్చుని అన్నం తినేదాన్ని.

ఒక్కసారి అడిగాను, ఎందుకలా చెప్పావని.

"నీకింకా పెళ్లి కావాలి. నామీదైతే రెండు తిట్లతో పోతుంది" అంది.

రెండు తిట్లతో పోలేదు వదినా. నాకు తెలుసు.

అమ్మకి భయపడ్డాను. అన్నయ్యకి భయపడ్డాను. తర్వాత రాధ మొహం చూసి భయపడ్డాను. ఈ పోస్ట్ చదివి మీరంతా ఏమంటారోనని ఇప్పుడూ భయంగానే ఉంది.

అయినా చెబుతున్నాను. మైలుతుత్తం వేసింది నేను. నాంచారి వదిన కాదు.

ఇక ఎవరి మాటా పడనక్కర్లేదు వదినా. హాయిగా నిద్రపో.