‘అతి’తో వచ్చిన తంటా

చెవికి అందని విషయాన్ని నాలుగు ముక్కల్లో జనానికి చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య అని ఎనభైల్లో నాకు గట్టి నమ్మకం. ఇప్పటికీ ఆ నమ్మకం పెద్దగా తగ్గలేదు.

వారమంతా కాలేజీ ల్యాబ్‌లో అల్ట్రాసౌండ్ పరికరాలు తయారుచేసేదాన్ని. సెలవు రోజుల్లో వాటిని అట్టపెట్టెలో సర్దుకుని బస్సెక్కి, ఊరూరా తిరిగి చూపించేదాన్ని. అల్ట్రాసౌండ్ అంటే ఎవరికి అర్థమవుతుందని ‘అతిధ్వని’ అంటూ తెలుగు చేసి, ఎర్ర రంగుతో బోర్డు రాయించాను. చూసుకుని తెగ మురిసిపోయాను కూడా.

ఒకసారి నరసాపురంలో చర్చి బడి హాల్లో ప్రదర్శన పెట్టాం. నాకు తోడుగా ఒక డాక్టరమ్మ వచ్చారు. మధ్యాహ్నం లేసు అల్లే ఒకమ్మాయి అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఏడో నెల. రెండు రోజులుగా కడుపులో బిడ్డ కదలడం లేదట. డాక్టరమ్మ గొట్టం పెట్టి విన్నారు. గుండె చప్పుడు అందలేదు. నా పరికరంతో చూద్దామన్నారు.

ఈలోగా అత్తగారు కూడబలుక్కుంటూ బోర్డు చదివింది. చదివి, కోడలి చెయ్యి పట్టుకుని లేపింది.

“అతిధ్వని అంటే మరీ పెద్ద చప్పుడనే కదండీ? పసిగుడ్డు చెవులు ఏమైపోవాలి? మాకొద్దండి.”

నాకు ఒళ్లు మండింది, ఆవిడ మీద కాదు, నా మీద. ఆవిడ సరిగ్గానే చదివింది. మాట నాది, తప్పూ నాదే.

“అది మన చెవికి అసలు వినపడదండి. బిడ్డ గుండెకు తగిలి వెనక్కి వచ్చాక, స్పీకర్‌లో గుండె చప్పుడుగా వినిపిస్తుంది. ముందు మీ చేతి మీదే పెడతాను, చూడండి” అన్నాను. స్పీకర్ ఆపేసి, మధ్యలో గాలి చేరకుండా ఆముదం చుక్క వేసి ఆవిడ అరచేతికి పరికరం ఆనించాను.

“ఏమైనా వినపడుతోందాండీ?”

“లేదమ్మా.”

“చురుక్కుమంటోందా?”

“అదీ లేదు.”

కాసేపు ఆలోచించి కోడల్ని మళ్లీ కూర్చోబెట్టింది.

పొట్ట మీద ఆముదం రాసి, స్పీకర్ వేసి వెతికాను. గరగర తప్ప ఏమీ లేదు. ఆ అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ భయం వేసింది, కానీ పరికరం మీద నమ్మకం పోలేదు. ఆ పరికరంలో ప్రతి తీగా నేను అతికిందే. కాస్త కిందికి దించి, ఎడమవైపుకు తిప్పాను. టకటక టకటకమంటూ గుండె చప్పుడు వినిపించింది. డాక్టరమ్మ గడియారం చూస్తూ లెక్కపెట్టి, బాగానే ఉందని తల ఊపారు.

కోడలు ఏడ్చేసింది.

“ఈ చప్పుడు నా మిషన్‌ది కాదండి, మీ మనవడిదో మనవరాలిదో” అన్నాను, కొంచెం గొప్పగానే.

అత్తగారు వంగి స్పీకర్‌కి చెవి ఆనించింది.

“కాస్త పెద్దగా పెట్టమ్మా. నాకు చెవులు సరిగ్గా వినపడవు.”