హెడ్‌సెట్‌కి పెట్టిన బొట్టు

నా కళ్లద్దాల పవర్ మైనస్ ఏడు. అవి తీసేస్తే ఎదురుగా ఉన్నది మా ఆవిడో బీరువాయో, మాట వినిపిస్తే తప్ప చెప్పలేను. అలాంటివాణ్ణి ముఖానికి బిగించుకుని చూసే వీఆర్ హెడ్‌సెట్ కొన్నాను. కొనేముందు కళ్లద్దాల మీద అది పడుతుందా అని ఒక్క మాట అడగలేదు. తాడేపల్లిగూడెంలో ముప్పై ఏళ్లుగా స్టీలు సామాన్ల కొట్టు నడుపుతూ, మూత సరిపోతుందో లేదో చూడకుండా గిన్నె కొనేవాళ్లని చూసి లోలోపల నవ్వుకునే మనిషిని నేను.

కొన్నది మా ఆవిడ కోసం. ఆవిడది చింతలపూడి వైపు మెట్ట ఊరు. పెళ్లయిన కొత్తలో "కొల్లేరులో పక్షుల్ని చూడాలనుందండీ" అంది. "ఓస్, అదెంత! ఈ శీతాకాలం వెళ్దాం" అన్నాను. అప్పట్నుంచి ఏటా అదే మాట అంటూ వచ్చాను. పెళ్లిళ్ల సీజనని ఒకసారి, స్టాకు దిగుతుందని ఒకసారి, కొట్టుకి సెలవన్నది లేకుండా పోయింది. కిందటేడు నేను మళ్లీ ఆ మాట ఎత్తితే, ఆవిడ పొయ్యి మీద కూర కలుపుతూ "ఉప్పు సరిపోయిందో లేదో చూడండి" అంది. అది నాకు గుచ్చుకుంది. అప్పుడు కూడా కొట్టు మూద్దామని తోచలేదు చూడండి, అదీ నా తెలివి.

పెదపాడులో చేపల చెరువులు చూసుకునే మా బావమరిది ఉపాయం చెప్పాడు. "ఎవరో పడవలో తిరుగుతూ కొల్లేరంతా చుట్టూ కనపడేలా వీడియో తీశారండీ బావగారూ. ఇది పెట్టుకుంటే అక్క మంచం మీద కూర్చునే గూడబాతుల మధ్య తిరగొచ్చు." ముప్పై ఎనిమిది వేలు. కొట్టు మూయక్కర్లేదు కదా అని నాకు చవగ్గానే అనిపించింది. వాడే తెప్పించి, వీడియో ఎక్కించి, ఎలా నొక్కాలో చూపించి వెళ్లిపోయాడు.

వాడు వెళ్లాక పూజ చేశాను. మా ఇంట్లో బొట్టు పెట్టకుండా ఏ యంత్రాన్నీ వాడం. కొట్టులో కాటాకి పెట్టాం, ఫ్రిజ్‌కి పెట్టాం, ఇన్వర్టర్‌కీ పెట్టాం. హెడ్‌సెట్ ముందువైపు నాలుగు నల్లటి గుండ్రాలున్నాయి. బొట్ల కోసమే చోటు వదిలారనుకున్నాను. పసుపు తడిపి నాలుగింటికీ దట్టంగా అద్ది, మధ్యలో కుంకుమ పెట్టి, నిమ్మకాయతో దిష్టి కూడా తీశాను.

ముందు నేను చూసి తర్వాత ఆవిడకి చూపిద్దామని తలకి తగిలించుకున్నాను. కళ్లద్దాలతో లోపలికి దూరలేదు. గట్టిగా నొక్కితే ముక్కు మీద గాటు పడింది, కళ్లజోడు కాడ వంగింది. అద్దాలు తీసి పెట్టుకుంటే అంతా మసక. నేను తల అటు తిప్పితే బొమ్మ ఇటు జారిపోతోంది. మధ్యలో ఏవో తెల్లటి అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి. చదవడానికి కళ్లు చిట్లించి చిట్లించి తలనొప్పి తెచ్చుకున్నాను. మొత్తానికి తప్పు నా కళ్లదేనని తీర్మానించాను.

ఏలూరు వెళ్లి కళ్లజోళ్ల షాపులో అడిగాను. లోపల బిగించుకునేలా నా పవర్‌కి అద్దాలు చేయించవచ్చన్నాడు. "ఏడు వేలవుద్దండీ. పదిహేను రోజులు పడద్ది" అన్నాడు. సరేనన్నాను. అద్దాలొచ్చాక బిగించి, ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పెట్టుకున్నాను. అక్షరాలు ఇప్పుడు ముత్యాల్లా కనిపించాయి. ముందున్న నాలుగు కెమెరాలకి ఏదో అడ్డు ఉందిట, తుడవాలిట. ఏడు వేలు పోసి నేను స్పష్టంగా చదివిన మొదటి ముక్క అది.

"బొట్టు చెరిపేస్తారా ఏవిటండీ?" అని ఆవిడ కంగారు పడింది. చివరికి తనే తడిబట్టతో తుడిచి, వెనకాల బెల్టుకి కొత్తగా బొట్టు పెట్టి ఇచ్చింది. ఈసారి నిజంగానే కొల్లేరు వచ్చింది. నీళ్లు, గుర్రపుడెక్క, తల మీంచి ఎగిరిపోతున్న గూడబాతులు! నేను చిన్నపిల్లాడిలా కేకలు పెట్టి, ఆవిడ తలకి తగిలించాను.

"ఏవండీ, తెల్లగా ఏదో కదుల్తోందండీ. కొంగలా? పంచెలారేశారా?"

అప్పుడు తట్టింది. అవి నా పవర్ అద్దాలు. ఊడదీసి పెట్టి చూశాం, మసకే. ఆవిడ కళ్లజోడుతో పెడితే దూరదు. కొల్లేరు చూడాల్సింది ఆవిడ, ఏలూరు వెళ్లి పవర్ పరీక్ష చేయించుకున్నది నేను. ఆవిడకీ కళ్లజోడుందన్న సంగతి నాకు గుర్తే రాలేదు. సిగ్గేసింది.

"నీకూ చేయిస్తానే, పదిహేను రోజులు ఓపిక పట్టు" అన్నాను.

ఆవిడ హెడ్‌సెట్ తీసి నా ఒళ్లో పెట్టింది. కళ్లజోడు కొంగుతో తుడిచి పెట్టుకుని నన్ను చూసింది.

"అద్దాలొద్దండీ. రేపు కొట్టు తియ్యకండి, చాలు."

మర్నాడు కొట్టుకి వెళ్లి, మూసిన షట్టర్‌కి సెలవు బోర్డు తగిలిద్దామంటే, ముప్పై ఏళ్లలో అలాంటి బోర్డే మా దగ్గర లేదు. హెడ్‌సెట్ వచ్చిన అట్టపెట్టె మూత చింపి, వెనకవైపు "ఈరోజు సెలవు" అని రాసి కట్టాను. ఆవిడ అప్పటికే కొల్లేరుకని ఏలూరు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంది.