చిన్నాయన వేలు, మా గోడ పగులు

మంత్రాలయం దిక్కుకు తిరిగి చేతులు జోడించి ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఉంటే మొన్న నేను ఎమ్మిగనూరులో ఎక్కిన బస్సు ఆదోని చేరకుండా నడిదోవలో ఆగిపోయి ఉండేది. చేరింది. దిగి మా పాత వీధికి పోతే, చిన్నాయన ఇంటి గోడ మొదట్లో గుంతలు తవ్వి, జాకీలు పెట్టి, కింద కొత్తగా కాంక్రీటు పోస్తున్నారు. ఆశకొద్దీ మీద రెండంతస్తులు వేసుకున్న గోడ అది, అరచెయ్యి పట్టేంత పగులు విచ్చింది. చూడగానే నా కడుపు చల్లబడింది.

మన తరంవాళ్లకు చెప్పనక్కర్లేదు, నల్లరేగడి మీది ఇల్లు ఎండాకాలం నోరు తెరుస్తుంది. భాగాలప్పుడు చిన్నాయన గట్టినేల ఉన్న వీధివైపు సగం తీసుకుని, రేగడిలో కుంగిన పెరటివైపు సగం మా నాయనకు వదిలాడు. నేను జిన్నింగు మిల్లులో కొత్తగా చేరిన రోజులవి. రాత్రి షిఫ్టు దిగి పొద్దున తలనిండా పత్తి నూగుతో ఇంటికి వచ్చేసరికి ఆయన మా మూలగోడ పగుల్లో చూపుడువేలు దూర్చి కొలుస్తూ ఉండేవాడు.

"అన్నా, నిన్న గోరు పట్టె, ఈ పొద్దు కణుపు పోతాంది. పడకముందే నాకు రాసిచ్చెయ్, పిల్లోల్లన్నా బతుకుతారు."

నాయన నోరు లేని మనిషి. ఆ నోరంతా వాళ్లిద్దరినీ కన్న మా అవ్వకుండేది. ఆమె మేస్త్రీని పిలిపించింది. గోడకు దుంగలు ఆనించి, కింద కొంచెం కొంచెంగా తవ్వుతూ రాతి పునాది కట్టి, కుంగిన మూలను లారీ జాకీతో ఎత్తుదామన్నాడతను. మా వీధిలో ఒక కట్టుబాటు ఉండేది: ఎవరు ఏ ఇంటి పునాదిలో తమ చేత్తో రాయి పెట్టినా, ఆ ఇంటిని చచ్చేదాకా కొనకూడదు, అడగకూడదు. అవ్వ ముహూర్తం పంచాంగంలో చూడలేదు, చిన్నాయన వేలు పెట్టే వేళకే పెట్టింది. ఆయన రాగానే వీధి జనం ముందర పసుపు రాసిన రాయి చేతిలో పెట్టింది.

"అన్న ఇంటికి తమ్ముడు రాయి పెట్టనంటే వీధి ఉమ్ముతాది. దిగప్పా గుంతలేకి!"

"ఏమారిస్తివి కదమ్మా" అని పళ్లు నూరుతూ దిగి పెట్టాడు.

"ఇంగ ఈ ఇంటి ఆశ ఖతం, భయ్యా!" అని ఎదురింటి నూనె వ్యాపారి సాయబు నవ్వాడు.

ఆ నవ్వుకు మండిపోయి, రాయి పెడితే పగులు పోతాదా అంటూ చిన్నాయన మళ్లీ వేలు దూర్చాడు. సరిగ్గా అప్పుడే మేస్త్రి జాకీ తిప్పాడు. మూల లేచింది, పగులు మూసుకుంది, వేలు లోపలే. శనగనూనె పోసి లాగితే వచ్చింది, అప్పడమంత పలచనై.

మొన్న ఆయన ఎదురుగా మంచం మీద కూర్చుని ఉండగానే, నేను తాపీగా ఆయన గోడ పగుల్లో నా వేలు దూర్చాను.

"చిన్నాయనా, కణుపు పోతాందే!"

ఆయన నవ్వలేదు. "వేలు తియ్రా. జాకీ తిప్పుతాండారు."

తీశాను. రాయి పెట్టమంటారేమో, పెట్టనని అందరి ముందర అందామని కాసేపు నిలబడ్డాను. ఎవరూ అడగలేదు, యంత్రం కాంక్రీటు పోసి వెళ్లిపోయింది.

వేలు ఇరుక్కోవడం మాత్రం నా కల్పన. ఆయన ముందే తీసేసుకున్నాడు. అవ్వ రాయితో ఇల్లు దక్కించుకుంది, నాకేమో పగ మిగిలిపోయింది. అందుకే మిల్లులో, బస్సుల్లో, పెళ్లి పందిళ్లలో ఆ కథ చెప్పుకుంటూ పోయాను. ఆయన మనవళ్లు ఇప్పటికీ తాత వేలు పట్టుకుని పలచన ఎక్కడుందా అని వెతుకుతారు. మొన్నటి మాట వింటే ఆయనే నమ్మినట్టుంది. ఈ కాలం పునాదులు గట్టివే. కానీ గోడ పడిందా లేదా అని పొద్దున్నే వచ్చి వేలు పెట్టి చూసేంత శ్రద్ధ గల పగవాడు ఇప్పుడు ఏ ఇంటికున్నాడు?