గోడ మీదుగా చాపిన చెయ్యి

గోదావరిఖనిలో మా పక్కింటి అక్క మొన్న పొద్దున నిద్రలోనే పోయింది. కబురు చెప్పడానికి వచ్చిన ఆమె కోడలితో నేనన్న మొదటి మాట, "నాకు చెప్పకుండానే?" అని. తుమ్మొచ్చినా గోడ మీదుగా పిలిచి చెప్పే మనిషి, ఈ ఒక్క పని మాత్రం చడీచప్పుడు లేకుండా చేసింది. కోపం రాదా మరి?

ఆమెతో వేగడం మాటలు కాదు. సూదిలో దారం నేనే ఎక్కించాలి, పచ్చడి సీసా మూత నేనే తియ్యాలి. కూరగాయలకు కూడా ఒక్కతే పోదు. "బాయిల ఒక్కడే పని జేస్తడా? జోడీ ఉంటది. మనకెందుకు ఉండొద్దు?" అనేది. బొగ్గు బాయిలో పనిచేసిన భర్త దగ్గర ఆమె నేర్చుకున్నది ఇదొక్కటే అనుకుంటాను.

అన్నిటికన్నా విసుగు ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు. మధ్యాహ్నం సైరన్ మోగగానే స్టవ్ ఆర్పేసి వచ్చి, గోడ మీదుగా చెయ్యి చాపేది. నేను పట్టుకునేదాకా తియ్యదు. ఆమె చెవిటి కుక్క వచ్చి ఆమె పాదం మీద కూర్చునేది. పేలుడుకు అదిరే గిన్నెల చప్పుడు ఆగేదాకా ముగ్గురం అలాగే. ఈలోపు నా కూర మాడేది. రోజూ పేలేదానికి ఇంకా భయమేంటని కసిరితే, "భయమైతంది, చెప్తున్న. దాసుకోవాల్నా?" అనేది. సైన్సు టీచరుగా రిటైరైనదాన్ని, ఏమీ కాదని బొమ్మ గీసి మరీ చెప్పాను. బొమ్మ మంచిగుందని మెచ్చుకుని, మర్నాడు మళ్లీ చెయ్యి చాపింది.

నాకు ఎవరినీ అడిగే అలవాటు లేదు. కంటి ఆపరేషన్‌కు మంచిర్యాల ఒక్కదాన్నే పోయి, కంటికి కట్టుతో ఆటో దిగాను. అక్క నా గుమ్మంలో కూర్చుని ఉంది. మెచ్చుకుంటుందనుకుంటే ముఖం తిప్పుకుంది.

"నువ్వు నన్ను ఒక్కటి అడగవు టీచరమ్మా. మరి నేను నిన్ను ఏ మొఖం పెట్టుకొని అడగాలె?"

నాకు ఒళ్లు మండింది. అయినా కట్టు విప్పాక నా కంట్లో చుక్కలు వేసింది ఆమే. చేతులు వణికి సగం చెంప మీదే పోసేది. ఆ రోజులు నాకు ఎంతో హాయిగా గడిచాయి.

నిన్న సైరన్ మోగితే స్టవ్ ఆర్పేసి గోడ దగ్గరికి వెళ్లాను. అవతల కోడలు గిన్నెలు తోముతోంది.

"అమ్మా, నాకు భయంగా ఉంది," అన్నాను.

ఆ పిల్ల లేచి వచ్చి, సబ్బు చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. కుక్క వచ్చి ఆ పిల్ల పాదం మీద కూర్చుంది. నేల అదిరింది.