లారీ చెక్కల ఇల్లు

మా లారీ మూలపడిందీ, నా ఊపిరి మూలపడిందీ ఇంచుమించు ఒకే ఏడు. లారీని పాత ఇనుముకు వేయనని మా ఆయన పట్టుబట్టాడు. నన్ను ఎటూ అమ్మే వీలు లేదు కనుక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన మిరపకాయ టిక్కీ బస్తాలు నింపిన లారీ తోలాడు. నేను గుంటూరు శివార్లలో కోల్డ్ స్టోరేజీ షెడ్డులో కూర్చుని కాయలకు తొడిమలు తీశాను. ఇద్దరం ఆ కాయ మీదే బతికాం. డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి, "మిరప సీజనులో ఈ గాలికి దూరంగా ఉండాలమ్మా. ఇంకా ఇలాగే పీలిస్తే తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నాడు. దూరంగా అంటే ఎక్కడికి పోవాలి? మా చుట్టాలందరివీ మిరప చేలే. ఒంగోలులో ఒక్క ఆడపడుచు ఉంది గానీ, ఆమె ఇంటి ఎదురుగా పొగాకు గోడౌను.

ఆ సాయంత్రం అన్నం కలుపుకుంటూ మా ఆయన అన్నాడు: "లారీ మీద ఇల్లు కడతానే. సీజనంతా కొండలెంట తిరుగుదాం. ముందు నల్లమల. నీకు పడితే వచ్చే ఏడు హిమాలయాలు."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. ఆ దగ్గు చూసి ఆయన ఇంకా మొండికేశాడు.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుకు తీసుకెళ్లి ఇంజను బాగుచేయించి, పాత బాడీ ఊడదీయించాడు. ముందు క్యాబిను, వెనక రెండు పొడుగాటి ఇనప దూలాలు, చక్రాలు మిగిలాయి. దాన్ని చూస్తే నాకు దిగులేసింది. ఈ అస్థిపంజరం మీద నేను వంట చేసుకోవాలట. వానాకాలం పోయింది, చలికాలం వచ్చింది, పని మాత్రం తెమల్లేదు. వెల్డరు ఉన్నరోజు వడ్రంగి ఉండడు, ఇద్దరూ ఉన్నరోజు కరెంటు ఉండదు. ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగిన తిరుగుడు వేరే. నేను రోజూ క్యారేజీ పట్టుకెళ్లి, ఓ పాత టైరు మీద కూర్చుని, కొట్టిన సుత్తి దెబ్బే మళ్లీ వింటూ ఉండేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకు కొండలూ అక్కర్లేదు, ఇల్లూ అక్కర్లేదు, దగ్గు లేకుండా ఒక్క నిద్ర పడితే చాలనిపించేది.

చక్రాల మీద కుదుపు ఆపే కమాను కట్టలతో పెద్ద గొడవ అయింది. టన్నుల బరువుకు అలవాటుపడ్డ కట్టలవి. ఒక మంచం, ఒక స్టవ్వు, సగమైపోయిన నేను ఎక్కితే వాటికి లెక్కేముంది? బండి తోలి చూసిన రోజు, గుంత వచ్చినప్పుడల్లా నన్ను పైకప్పుకు ఎగరేశాయి. చివరికి కొన్ని పట్టీలు తీయించి మెత్తబరిచాడు.

పాత బాడీ చెక్కలు మాత్రం ఒక్కటి కూడా పారేయనివ్వలేదు. "ఇట్టాంటి చెక్క ఇప్పుడు యాడ దొరుకుద్దిరా?" అన్నాడు. వడ్రంగి కూడా అరచేత్తో తట్టి, "చెక్క కాదన్నా, ఇనుము" అన్నాడు. నేలకీ, గోడలకీ, మంచానికీ అవే వాడారు. చిత్రిక పడుతుంటే వడ్రంగి తుమ్మాడు. మా ఆయన తుమ్మాడు. నేను దగ్గాను. గుంటూరులో తుమ్మూ దగ్గూ లేని రోజేది? ఎవరం పట్టించుకోలేదు. పైన వార్నిష్ వేస్తే చెక్కలు ఎర్రగా మెరిశాయి. ఎంత మంచి రంగో అని నేనే మెచ్చుకున్నాను.

మిర్చి యార్డుకు కాయ రావడం మొదలవగానే బయల్దేరాం. వినుకొండ దాటేదాకా రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. దోర్నాల దాటి, చెట్లు దగ్గరపడ్డాక గుడ్డ తీశాను. గాలి చల్లగా లోపలికంటా పోయింది. ఎన్నాళ్లయిందో అలా పోయి. మా ఆయన రోడ్డు వదిలేసి నా వంకే చూస్తున్నాడు.

"ముందు చూసి తోలవయ్యా" అన్నాను.

ఒక టీ బడ్డీ పక్కన బండి ఆపాడు. ఆపీ ఆపకముందే వాన అందుకుంది. "అయ్యో, కాయలు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. మాకు కల్లమూ లేదు, కాయలూ లేవు. చాలా రోజుల తర్వాత ఇద్దరం కలిసి నవ్వుకున్నాం. జల్లు కొడుతోందని కిటికీలూ తలుపూ బిగించి, ఆయన స్టవ్వు వెలిగించాడు.

లోపల ఉక్క పట్టింది. చెక్కలకు చెమ్మా వేడీ తగిలాయి. అప్పుడు తెలిసింది నాకు. తొడిమలు తీసే షెడ్డులో నా పక్కనే కూర్చున్న మిరప ఘాటే, మంచం కిందనుంచి, గోడల్లోంచి లేచి వచ్చింది. ఊళ్లో అందరి ముక్కులూ మొద్దుబారిపోయి ఆ వాసన మాకు వాసనే కాకుండా పోయింది. కొండగాలి పీల్చిన ముక్కుకు ఇప్పుడు తెలిసింది. ఊపిరి అందలేదు. ఆయన తలుపు తన్ని, నన్ను వానలోకి ఎత్తుకొచ్చి బడ్డీ బల్ల మీద కూర్చోబెట్టాడు.

బడ్డీ ఆమె నీళ్లిచ్చి, బండి వైపు ముక్కు ఎగబీల్చి, "కాయ ఎక్కడికి తోలుతున్నారమ్మా?" అని అడిగింది.

మా ఆయన బండెక్కాడు. చెక్కల సందులో వేలు పెట్టి రాసి, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. తుపుక్కున ఉమ్మేశాడు. తర్వాత గడ్డపార తీశాడు.

"వద్దులేవయ్యా, ఇంటికి పోదాం. నా వల్ల కాదు" అన్నాను. నిజంగానే నా వల్ల కాలేదు.

"ఇంటికి పోయి ఏం పీలుస్తావే?" అని ఒక్క మాట అన్నాడు.

ప్రాణంలా దాచుకున్న చెక్కల్ని ఒక్కొక్కటే పెళ్లగించి కింద పడేశాడు. బడ్డీ ఆమె తీసుకుంటానంది. "పొయ్యిలో మాత్రం పెట్టబాక తల్లీ" అన్నాడు. వాన వెలిసేసరికి బండికి ఇనప చట్రం, అడుగునా పైనా రేకులు, ఒక పరుపు మిగిలాయి. ఆ పరుపు మీద ఒరిగాను. నాలుగు వైపులా గాలి ఆడుతోంది. ఆయన వచ్చి పక్కన కూర్చుని, "ఇప్పుడెట్టా ఉంది?" అన్నాడు.

"నీ చొక్కా కూడా అదే వాసన" అన్నాను. అలసటలో నోరు జారింది.

దిగి వెళ్లాడు. బడ్డీ వెనక కుళాయి దగ్గర, ఆ చలిలో, ఒంటికి సబ్బు రుద్దుకుని కడుక్కుని మళ్లీ రుద్దుకుంటున్నాడు. వేరే చొక్కా వేసుకుని, వణుకుతూ వచ్చి నాకు కాస్త ఎడంగా నిలబడ్డాడు.

"పోయిందా?" అన్నాడు.

పోలేదు. ఆ చెక్కలతో పాటే ఆయనా అన్నేళ్లు ఆ కాయ మోశాడు, ఒక్క సబ్బుకు ఎక్కడ పోతుంది? పోయిందని చెప్పి, పక్కకు జరిగి చోటిచ్చాను.