పుల్లీల జత

2014 జనవరిలో నేను న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో ఒక మోటారు వర్క్‌షాప్‌లో ఫోర్‌మన్‌గా ఉన్నాను. ఫోర్‌మన్ అంటే సర్వీస్ మేనేజరుకు కింద, మెకానిక్కులకు పైన. ఏ బండి ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పడం, పని పూర్తయ్యాక రోడ్డు మీద నడిపి చూసి సంతకం పెట్టడం నా బాధ్యత. మా దగ్గరికి ఎక్కువగా పాడి రైతుల బండ్లు, జపాన్ కార్లు వచ్చేవి. అరవైల నాటి అమెరికన్ కారు వచ్చిందంటే పనివాళ్లంతా ఒకసారి వచ్చి చూసి వెళ్లేవారు.

ఆ నెలలో వచ్చిన ముదురు నీలం కారు కాలిన్‌ది. ఆయన పాల వ్యాపారం మానేసిన రైతు. రెండు తలుపులు, ఎనిమిది సిలిండర్ల ఇంజను, పొడవాటి ముందు భాగం. రిటైరయ్యాక షెడ్డులో ఏళ్ల తరబడి కూర్చుని దాన్ని బాగుచేసుకున్నాడు. అందులో భార్య జోన్‌ను కైమై కొండకు అవతల టౌరంగాలో ఉన్న ఆమె చెల్లెలింటికి తీసుకువెళ్లాలని ఆయన కోరిక.

కిందటి వేసవిలో బయలుదేరారు కూడా. కైమై కొండ మీద ఒక లారీ వెనక నెమ్మదిగా ఎక్కుతుండగా ఇంజను వేడెక్కి, ముందు నుంచి ఆవిరి ఎగజిమ్మింది. కాలిన్ తొందరపడి రేడియేటర్ మూత తిప్పాడు. మరిగే నీళ్లు చిమ్మి ముంజేయి కాలిపోయింది. పక్క నుంచి లారీలు దూసుకుపోతుంటే, చేతికి తడిగుడ్డ చుట్టుకున్న భర్తతో జోన్ రోడ్డంచున నిలబడి సాయం కోసం ఎదురుచూసింది. ఆ తరువాత ఆమె ఆ కారు ఎక్కలేదు.

కారు త్వరగా బాగవ్వాలన్న కాలిన్ ఆత్రానికి ఒక కారణం ఉంది. న్యూజిలాండ్‌లో డెబ్బై అయిదేళ్లు వచ్చినవారు లైసెన్సు కొనసాగించుకోవాలంటే డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. ఆయన చూపు మందగిస్తోంది. ఈసారికి ఇస్తున్నాను గాని మళ్లీ ఇవ్వగలనని అనుకోవద్దని డాక్టరు ముందే చెప్పాడట.

“అన్నీ మార్చేశాను, ప్రసాద్. రేడియేటర్ కొత్తది, నీళ్ల పంపు కొత్తది, థర్మోస్టాట్ కొత్తది. ఇంకేం మార్చమంటావు?” అన్నాడు కాలిన్.

ఇంకేమీ మార్చవద్దని, బండి వదిలి వెళ్లమని చెప్పాను.

వేడెక్కే ఇంజను విషయంలో మొదట అడగవలసింది ఎప్పుడు వేడెక్కుతోంది అని. వేగంగా పోతున్నప్పుడైతే రేడియేటర్ మీద అనుమానం. కాలిన్ కారు హైవే మీద చల్లగానే ఉండేది. సిగ్నళ్ల దగ్గర, ఎత్తు మీద, నెమ్మదిగా పోయేటప్పుడే వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు వెళ్లేది. థర్మోస్టాట్ అంటే నీరు తగినంత వేడెక్కాక దారి తెరిచే చిన్న మూత. దాన్ని తీసి వేడినీళ్లలో వేసి చూశాను, సరిగా తెరుచుకుంది. ఇంజను నిలకడగా నడుపుతూ రేడియేటర్ పైన, కింద వేడి కొలిచాను. పైన చెయ్యి పెట్టలేం, కింద గోరువెచ్చన. రేడియేటర్ తన పని చేస్తోంది, నీరే దాని గుండా మందకొడిగా కదులుతోంది. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి పట్టుకోగానే ముల్లు దిగివచ్చింది.

పంపు మంచిదే అయితే నెమ్మదిగా ఎందుకు తిరుగుతోంది? ఇంజను ఆపి, బ్యాటరీ తీగ విప్పి, బెల్టు నడిచే చక్రాలైన రెండు పుల్లీల మీద సుద్దతో గీతలు పెట్టాను. ఇంజను అడుగున ఉండే ఇరుసు క్రాంక్. దాని చివరనున్న పుల్లీ తిరిగితే, బెల్టు ద్వారా నీళ్ల పంపు పుల్లీ, దానితోపాటు ఫ్యానూ తిరుగుతాయి. క్రాంక్‌ను చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పాను. పంపు పుల్లీ మీది గీత చుట్టు పూర్తి చేయకుండానే ఆగిపోయింది.

మా విడిభాగాల విభాగం చూసే సంధ్యను పిలిచాను. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన అమ్మాయి.

“అంకుల్, ఇది రేసింగ్ సెట్. కింద చిన్నగ ఉన్నది, పైన పెద్దగ ఉన్నది. పోటీ కార్లకు కావాలనే ఇట్ల పెడ్తరు,” అంది.

నిజమే. పోటీలో ఇంజను ఎప్పుడూ జోరు మీద ఉంటుంది కాబట్టి పంపు నెమ్మదిగా తిరిగినా చాలు, శక్తి ఆదా అవుతుంది. మామూలు రోడ్డుకు అది పనికిరాదు. కాలిన్‌కు ఫోన్ చేస్తే, పాత యజమాని వేయించినవి, మెరుస్తున్నాయని ఉంచేశానన్నాడు.

పంపుకు చిన్న పుల్లీ ఒకటి తెప్పించి బిగించాం. ఇంజను స్టార్టు చేయగానే బెల్టు కీచుమని అరిచి గాడిలోంచి ఎగిరిపడింది. కొలత సరిపోయినా కొత్త పుల్లీ గాడి క్రాంక్ పుల్లీ గాడి కన్నా వేలెడు ముందుకు ఉంది. అదే ఇంజనుకు కారు తయారుచేసిన కంపెనీ పొట్టి పంపు, పొడుగు పంపు అని రెండు రకాలు వాడింది. ఒకదాని పుల్లీలు రెండోదానితో కుదరవు. బండి రేపు తీసుకెళ్లవచ్చని కాలిన్‌తో చెప్పి ఉన్నాను. మళ్లీ ఫోన్ చేసి ఇంకా కాలేదని చెప్పవలసి వచ్చింది.

“ఒక్కొక్కటి కొంటే కుదరదు అంకుల్. ఒకే ఇంజను మీదికెళ్లి విప్పిన సెట్ కావాలె,” అని సంధ్య ఫోన్ పట్టుకుని కూర్చుంది. చివరికి పాపకూర అనే ఊళ్లో పాత కార్లు విప్పి అమ్మే ఒకతని దగ్గర, మా కారులో ఉన్న పంపు రకానికే సరిపోయే పుల్లీల జత దొరికింది. తన కారులో వెళ్లి ఆమే తెచ్చింది. నల్లగా, తుప్పు మరకలతో ఉన్న ఇనుప పుల్లీలు. శుభ్రం చేసి బిగించాక రెండు పుల్లీల మీదుగా ఉక్కు స్కేలు ఆనించి చూశాను. ఎక్కడా సందు లేదు. పొడవు సరిచూసి కొత్త బెల్టు వేశాం. క్రాంక్ ఒక చుట్టు తిరిగితే పంపు అంతకన్నా కొంచెం ఎక్కువే తిరిగింది. ఇక్కడ జనవరి అంటే వేసవి. మండుటెండలో యార్డులో ఇంజను ఆపకుండా వదిలేసి మధ్యాహ్న భోజనం చేసి వచ్చాం. ముల్లు నడిమధ్యన ఉంది.

కారు తీసుకెళ్లడానికి ఇద్దరూ వచ్చారు. జోన్ తలుపు దగ్గరే ఆగిపోయింది. “ఇతను కూడా కొండ మీదికి వస్తేనే నేను ఎక్కుతాను,” అంది నన్ను చూపించి. యజమానితో కలిసి నడిపి చూడడం మా పద్ధతిలో ఉన్నదే. మేనేజరుతో చెప్పి వెనక సీట్లో కూర్చున్నాను.

కైమై ఎత్తు మొదలయ్యేచోట మా ముందుకు పాల ట్యాంకర్ ఒకటి వచ్చింది. దాటడానికి దారి లేదు. కాలిన్ గేరు తగ్గించాడు. జోన్ రోడ్డు చూడడం మానేసి ముల్లునే చూస్తోంది. నేనూ అంతే. కొలతలన్నీ సరిపోయాయని తెలిసి కూడా వెనక సీటు నుంచి ముందుకు వంగాను. ముల్లు సగం దాటింది. ఇంకొంచెం లేచింది. అక్కడ నిలిచింది. మలుపు తరువాత మలుపు వచ్చినా ఇక కదలలేదు.

కొండ మీద పక్కకు ఆపి బానెట్ ఎత్తి చూశాం. ఆవిరి లేదు, ఎక్కడా నీరు కారడం లేదు. కాలిన్ బానెట్ దించాడు. జోన్, “టౌరంగా దాకా ఇక అంతా దిగుడే కదా? వెనక్కెందుకు పోవడం?” అంది. నేను వర్క్‌షాప్‌కు ఫోన్ చేశాను. ఆ మధ్యాహ్నం టౌరంగాలో ఆమె చెల్లెలి పెరట్లో అందరం చేపలూ చిప్సూ తిన్నాం. కారు దిగులు తీరాక, చాలా రోజుల తరువాత నాకు బాగా ఆకలి వేసింది.

కాలిన్ ఆ ఏడంతా కారు నడిపి, తరువాత లైసెన్సు వదులుకున్నాడు. వర్క్‌షాప్‌లో మేం ఒక నియమం పెట్టుకున్నాం. పాత బండి వేడెక్కుతోందని వస్తే, ఏ భాగమూ తెప్పించకముందే పుల్లీల మీద సుద్దగీతలు పెట్టి తిప్పి చూడాలి. ఆ కారులో చెడిపోయిన భాగం ఒక్కటీ లేదు. ఒకదానికొకటి సరిపడని భాగాలు ఉన్నాయి. అలాంటి లోపం, ఎన్ని కొత్త భాగాలు వేసినా పోదు.