నన్ను గుర్తించని పరకాల

ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోడ్డు మీద నాకు గోనె సంచుల దుకాణం ఉంది. నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తరువాత చదివిందంతా మా వీధి పఠనాలయంలోనే, అదీ ఎవరి సాయమూ లేకుండా. ఈ సంగతి ఎవరూ అడగకపోయినా చెబుతుంటాను, ఇప్పుడు చెప్పినట్టే. సంచుల కోసం వచ్చిన రైతు చిరుగులు చూసుకునేలోగా ఏదో ఒక దేశపు రాజ్యాంగం గురించి రెండు ముక్కలు వినిపించకపోతే నాకు తోచదు. జనం పక్క దుకాణానికి పోతున్నది అక్కడి సరుకు మంచిదని కాదని మా ఆవిడ అభిప్రాయం.

పఠనాలయం అంటే పెద్ద భవనమేమీ కాదు. పాత పత్తి గోదాం మీద రెండు గదులు, ఆరు బీరువాలు. సభ్యులంతా బజారు మనుషులే. కిరాణా, ఇనుప సామాను, మిర్చి అడ్తీ దుకాణాల వాళ్ళు, వాళ్ళ ఇళ్ళల్లో చదువుకునే పిల్లలు, కోడళ్ళు. దానికి నియమావళి లేదని కనిపెట్టింది నేను, రాసింది కూడా నేనే. అధ్యక్షుడి గడువు రెండేళ్ళు. ఒక మనిషి రెండుసార్లకు మించి ఆ కుర్చీలో కూర్చోరాదు. ఆ రెండో వాక్యం రాసిన రోజు సంతోషంతో నాకు అన్నం సయించలేదు. దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించాను. మొదటి అధ్యక్షుడిగా నన్నే ఎన్నుకున్నారు, ఆ నియమాలన్నీ చదివినవాణ్ణి నేనొక్కడినే కాబట్టి. రెండోసారీ నేనే.

ఆ రెండో గడువులో పరకాల పఠనాలయం వాళ్ళు తమ వార్షికోత్సవానికి నన్ను ప్రసంగానికి పిలిచారు. ఎక్కడో దూరదేశంలో ఒక అధ్యక్షుడు తన గడువును తానే పెంచుకున్నాడని అప్పుడే పత్రికలో చదివి ఉన్నాను. గంటన్నర మాట్లాడాను. అటువంటి వాణ్ణి ప్రజాస్వామ్య దేశాలు అధ్యక్షుడని పిలవరాదు, అతని సంతకాన్ని ఒప్పుకోరాదు, అతని రాయబారికి కుర్చీ వేయరాదు అన్నాను. చివరి వరుసలో ఒక రైతు లేచి, మరి ఆ దేశపు జనం ఏం తప్పు చేశారు, వాళ్ళకు రావలసినవి ఆగిపోతాయి కదా అని అడిగాడు. స్వేచ్ఛ కావాలంటే ప్రజలు కొంతకాలం ఓర్చుకోవాలని జవాబిచ్చాను. చప్పట్లు కొట్టారు. పరకాల అధ్యక్షుడు ఒక కిరాణా వ్యాపారి. ఆయన నా మాటలను అక్కడికక్కడే తీర్మానంగా రిజిస్టరులో రాయించాడు. నా మాటను ఎవరైనా రిజిస్టరులోకి ఎక్కించడం అదే మొదటిసారి. తిరుగు బస్సులో సీటు దొరకలేదు, అయినా నిలబడి వచ్చిన సంగతి ఇంటికి చేరాకే తెలిసింది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో నా గడువు ముగిసింది. ముగిసిందని నాకు తెలుసు, గోడ మీద రాసే ఉంది. కానీ నేను అక్షరక్రమంలో తయారు చేస్తున్న పుస్తకాల పట్టిక ఇంకా ‘చ’ దగ్గరే ఉంది. కొత్తవాళ్ళకు అది చేతనవుతుందా? పైగా మార్కెట్‌లోకి మిర్చి విపరీతంగా వస్తోంది, అందరూ పనుల్లో ఉన్నారు. ఈ అసాధారణ పరిస్థితుల్లో ఎన్నిక పెట్టడం బాధ్యత గల పని కాదనిపించింది. ఈ ‘అసాధారణ పరిస్థితులు’ అన్న మాట ఇంతకుముందు ఎక్కడ చదివానో అప్పుడు గుర్తుకు రాలేదు.

సర్వసభ్య సమావేశంలో, పట్టిక పూర్తయ్యేదాకా ప్రస్తుత అధ్యక్షుడే కొనసాగాలన్న తీర్మానాన్ని ప్రస్తుత అధ్యక్షుడే చదివాడు. అభ్యంతరాలుంటే చెప్పమన్నాను. అలవాటు కొద్దీ, మార్కెట్ యార్డులో వేలం ముగించినట్టే, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని బల్ల మీద కొట్టాను. ఎవరూ నోరు విప్పలేదు.

మా బజారు మనుషుల తీరు తెలిస్తే ఇందులో వింత లేదు. వేలంలో నోరు తెరిచినా, చేయి కదిలినా పాట మన మీద పడుతుంది, కుప్ప మన తలకు చుట్టుకుంటుంది. వద్దనుకున్న సరుకు ముందు కదలకుండా కూర్చోవడం వాళ్ళకు చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య. ఆ రోజు మాట్లాడితే అధ్యక్ష పదవి తమ మీద పడుతుందని భయపడి ఇరవై మందీ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. నేను దాన్ని ఏకగ్రీవం అని రాసుకున్నాను.

నెల తిరగకముందే ఇనుప సామాను దుకాణం వాళ్ళ కోడలు వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి, మూడోసారి డీఎస్సీ పరీక్ష రాస్తోంది. ఈసారి టీచరు ఉద్యోగం రాకపోతే పుస్తకాలు కట్టిపెట్టి దుకాణంలో కూర్చోవాలని ఇంట్లో మాట అయిపోయింది. కొత్త సిలబస్ పుస్తకాలన్నీ పరకాల పఠనాలయంలో ఉన్నాయి. మా అధ్యక్షుడి సంతకంతో ఉత్తరం పంపితే వాళ్ళు మూడు నెలలకు పుస్తకాలు ఇస్తారు, మేమూ అలాగే ఇస్తాం. వెంటనే ఉత్తరం రాసి, ‘అధ్యక్షులు’ అన్న మాట కింద రెండు గీతలు గీసి పంపాను.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. నా గడువు దాటిన సంగతి పరకాలకు అప్పటికే చేరినట్టుంది. అధ్యక్షులుగా సంతకం చేసిన వ్యక్తిని తమ తీర్మానం ప్రకారం గుర్తించలేకపోతున్నామని, తీర్మానం నకలు జతపరిచామని రాశారు. నకలు చదివాను. ప్రతి వాక్యమూ నాదే. కోపంలో కూడా, వాక్యాలు బాగా కుదిరాయనిపించింది.

ఆ రోజే ఆరు పేజీల జవాబు తయారు చేశాను. నా చేతిరాత నాకే సరిగా అర్థం కాదు కాబట్టి మంచి ప్రతి రాసిపెట్టమని ఆ కోడలికే ఇచ్చాను. ఆమె రెండు పేజీలు రాసి కలం పక్కన పెట్టింది.

“ఇది మా అంతర్గత వ్యవహారం అని రాసినవ్ కాకా. జనమే నన్ను కోరుకుంటాన్రని రాసినవ్. పోయినేడు నువ్వే సదువుమని ఇచ్చిన బుక్కుల ఆ నియంత గూడ గివ్వే మాటలన్నడు గదా.”

అతని సందర్భం వేరు అన్నాను.

“అతను గూడ గట్లనే అన్నడు” అంది. పరీక్షకు నలభై రోజులే ఉందని, ఉత్తరాల్లో ఎవరు గెలిచినా తనకు కావలసింది పుస్తకాలని కూడా చెప్పింది.

పరకాల అధ్యక్షుడికి ఫోన్ చేశాను. ముందు పది నిమిషాలు అంతర్జాతీయ సంప్రదాయాల గురించి మాట్లాడాను. ఆయన ఎవరికో పప్పు తూకం వేస్తూ ఊకొడుతున్నాడు. చివరికి అసలు మాట అడిగాను. నా మీద కోపం ఉంటే ఉండనీ, చదువుకునే ఆడమనిషి ఏం తప్పు చేసింది?

“ఆ దినం మా రైతు గూడ ఇదే అడిగిండు అన్నా” అన్నాడాయన. “కొంతకాలం ఓర్చుకోవాలె అని నువ్వంటివి. యాదికున్నదా?”

నేను మాట్లాడలేదు. మా బజారు విద్య నాకూ కొంత వచ్చు.

“ఫికర్ చేయకు. మేం గుర్తించంది నిన్ను, మీ చదువరులను గాదు. ఆమెనే రమ్మను. ఆమె సంతకం చాలు, పుస్తకాలిస్తం. నీ సంతకం మాత్రం వద్దు.”

దీనికి సంతోషించాలి కదా. నాకు తెలియకుండా మా సభ్యురాలితో నేరుగా వ్యవహరించడం జోక్యం అవుతుందని ఆయనకు చెప్పాను. ఆయన, గిరాకీ ఉంది, మళ్ళీ మాట్లాడతానని ఫోన్ పెట్టేశాడు. ఆ కబురు ఆమెకు చెప్పడానికి నాకు ఒక రోజంతా పట్టింది. నలభై రోజుల్లో ఒకటి. ఇది రాయకుండా వదిలేద్దామని చాలాసేపు అనుకున్నాను.

చెప్పాక, పుస్తకాలు బరువుంటాయి, నేనూ వస్తానన్నాను. పరకాలలో తన దుకాణంలోనే ఆయన ఆమెకు కుర్చీ వేయించి, రిజిస్టరు ముందు పెట్టాడు. నేను సంచులు పట్టుకుని నిలబడ్డాను. నాకూ చాయ్ వచ్చింది. ఇవ్వవచ్చా అని నేను ఎకసెక్కంగా అడిగితే, చాయ్ సంగతి నీ ప్రసంగంల లేకుండె అన్నాడు. ఆమె సంతకం పెట్టి, హోదా రాయవలసిన చోట ‘చదువరి’ అని రాసింది. ఆయన అది చూసి సరే అన్నాడు. పద్నాలుగు పుస్తకాలు.

దేశాల విషయం నాకిప్పుడు అంత గట్టిగా తెలియదు. కుర్చీలో ఉన్నవాణ్ణి ఒప్పుకోకుండా అతని జనంతో మాట కలిపే దారి ఒకటి ఉన్నట్టుంది. అన్ని చోట్లా అది కుదురుతుందో లేదో చెప్పలేను. ఎన్నో పుస్తకాలు చదివిన నాకు అది పప్పు తూచే మనిషి చెప్పేదాకా తట్టలేదని మాత్రం తెలుసు. దుకాణానికి వచ్చిన రైతులకు ఈ ముక్క ఇంకా వినిపించలేదు.

తిరుగు బస్సులో ఆమె అప్పుడే ఒక పుస్తకం తెరిచింది. నేను ఎన్నిక నోటీసు రాయడం మొదలుపెట్టాను. పట్టిక చరిత్ర, మార్కెట్ పరిస్థితులు, నా సేవలు, నా హృదయ పరివర్తన, మొత్తం నాలుగు పేజీలు. మంచి ప్రతి రాయడానికి ఆమెకిచ్చాను. ఆమె పుస్తకంలో వేలు పెట్టి ఉంచుకుని, అదంతా చదివి, కలం తీసి కొట్టేస్తూ పోయింది. చివరికి రెండు వాక్యాలు మిగిలాయి. ఆదివారం ఎన్నిక. పాత అధ్యక్షుడు నిలబడడు.

మొదటి వాక్యం బాగుందన్నాను. రెండోదాని మీద, దారిలో గుడెప్పాడ్ వచ్చేదాకా వాదించాను. ఆమె పేజీ తిప్పుతూ, “జర ఆగు కాకా, ఈ పాఠం అయిపోనీ” అంది. ఆ పాఠం అయ్యాక ఇంకోటి తెరిచింది. హన్మకొండలో దిగేటప్పుడు నోటీసు నా జేబులో రెండు వాక్యాలతోనే ఉంది, నేను అలాగే అంటించాను.